డెనిస్ రిచీ - సి భాషలోని చిక్కుముడులు

గత సంవత్సరము బీఎస్సీ కంప్యూటర్సు చదువుచున్న విద్యార్థి యొకడు తెలుగు పాఠము ముగిసిన పిదప నన్ను కలిసికొని, తాను వ్రాసివచ్చిన ఒక ఉద్యోగపరీక్షలోని ప్రశ్నను కాగితముపై వ్రాసి చూపెను. క విలువ 5 అయినపుడు, క = క++ + ++క అని వ్రాసినచో తుదకు క విలువ యెంత యగునని ఆ ప్రశ్న. ఇతడు 12 అని వ్రాసెను. సరియైన సమాధానము 13 అని తరువాత ప్రకటించిరట. తన కంప్యూటరులోని క్రొత్త కంపైలరుతో వేసి చూడగా 12 వచ్చినది. ప్రయోగశాలలోని పాత కంపైలరుతో వేయగా 13 వచ్చినది. ఒకే వాక్యమునకు రెండర్థములు ఎట్లు పొసగునో వ్యాకరణము బోధించువారు చెప్పగలరేమోయని అతడు నా యొద్దకు వచ్చినాడు. ఆనాటికి నాకును తెలియదు. తెలిసికొనవలెనని చదువగా, ఆ ప్రశ్నకు సమాధానమే లేదనియు, ఆ మాట చెప్పుచున్నది ఆ భాషయొక్క ప్రమాణగ్రంథమే యనియు తేలినది. ఒక యువకుని ఉద్యోగము లేని సమాధానముపై తేలిపోయెనన్న మాట. అట్టి భాషను కల్పించిన పురుషుడెవడు, ఎట్టి పరిస్థితులలో కల్పించెను అని వెదకితిని. ఈ వ్యాసము ఆ వెదకులాట ఫలము.

ఆయన పేరు డెనిస్ మెకాలిస్టెయిర్ రిచీ. 1941 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందలి బ్రాంక్స్‌విల్ అను ఊర జన్మించెను. తండ్రి ఆలిస్టెయిర్ రిచీ బెల్ ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞుడు. టెలిఫోను పిలుపులను ఒక తీగనుండి మరియొక తీగకు మార్చు స్విచ్చింగు సర్క్యూట్లను గూర్చి ఇరువురు సహచరులతో కలిసి ఆయన రచించిన గ్రంథము 1951లో వెలువడి చాలకాలము ప్రామాణికముగా చెల్లినది. తండ్రి విద్యకును కుమారుని విద్యకును ముందుముందు ఒక విచిత్రమైన ముడి పడనున్నది. దానిని తగినచోట చెప్పుదును. కుటుంబము న్యూజెర్సీ రాష్ట్రములోని సమ్మిట్ అను పట్టణమునకు తరలగా డెనిస్ అచ్చటి ఉన్నతపాఠశాలలో చదివి, పిదప హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము అభ్యసించి 1963లో పట్టభద్రుడయ్యెను. అచ్చట చదువుచున్న దినములలోనే హార్వర్డులోని యూనివాక్ యంత్రమును గూర్చి జరిగిన ఒక ఉపన్యాసమును విని, ఆ యంత్రముపై మనసు పడెను. భౌతికశాస్త్రము నాటితో వెనుకబడినది.

పిదప అనువర్తిత గణితమున పరిశోధన సాగించి 1968 నాటికి సిద్ధాంతగ్రంథమును ముగించెను. ప్రోగ్రాముల నిర్మాణమునకును, వాటిని నడపుటకు పట్టు శ్రమకును గల సంబంధము దాని విషయము. గ్రంథము సిద్ధము, పరీక్షకులకు అభ్యంతరము లేదు, ఇక మిగిలినది బైండు చేయించిన ప్రతిని గ్రంథాలయమునకు సమర్పించుట యొక్కటే. ఆయన దానిని సమర్పింపలేదు. కావున డాక్టరు పట్టము రాలేదు. ఎందులకు సమర్పింపలేదో మిత్రులు పలువిధముల చెప్పుదురు; ఆయన మాత్రము దానిని గూర్చి పెద్దగా మాటాడినవాడు కాడు. పట్టములకై ఏండ్ల తరబడి తిరుగువారిని ఎరిగిన మనకిది నమ్మశక్యము కాని సంగతి.

1967లోనే ఆయన తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలలో చేరియుండెను. న్యూజెర్సీలోని మర్రే హిల్ అనుచోట ఆ కార్యాలయము. అప్పుడు అచ్చట మల్టిక్స్ అను బృహత్తర ఆపరేటింగ్ సిస్టము నిర్మాణము నడచుచుండెను. ఆపరేటింగ్ సిస్టము అనగా యంత్రమును మేలుకొలిపి, దానిచే పనులు చేయించు మూలప్రోగ్రాము. మల్టిక్స్ ఎంతకును కొలిక్కి రాకపోవుటచే 1969లో బెల్ సంస్థ దానినుండి తప్పుకొనినది. అందు పనిచేసినవారిలో కెన్ థాంప్సన్ అనునతడు ఆ వేసవిలోనే పీడీపీ-7 అను చిన్న పాతయంత్రమును పట్టుకొని, దానిపై తన స్వంత ఆపరేటింగ్ సిస్టమును వ్రాసికొనెను. అదియే యూనిక్స్. రిచీ మొదటినుండియు అతనికి తోడు. ఈ ఇరువురి జంట చాలయేండ్లు చెదరలేదు.

ఇచ్చట భాష ప్రసక్తి వచ్చినది. యంత్రమునకు తెలిసినది అంకెలు మాత్రమే. మనుష్యుడు తనకు తెలియు రీతిని వ్రాసినదానిని యంత్రపు అంకెలలోనికి మార్చు ప్రోగ్రామును కంపైలరు అందురు. మనుష్యుడు వ్రాయుటకు ఏర్పరచిన నియమములే ప్రోగ్రామింగు భాష. ఇంగ్లండుకు చెందిన మార్టిన్ రిచర్డ్స్ 1967లో బీసీపీఎల్ అను భాషను నిర్మించియుండెను. థాంప్సన్ దానిని పిండి పిప్పి చేసి, తన చిన్నయంత్రమున ఇమిడించి బి యని పేరు పెట్టెను. ఆ యంత్రపు మెమరీ 8 వేల పదములు. కంపైలరునకు క్రొత్త సౌకర్యమొకటి చేర్చినచో అది మెమరీలో పట్టకపోవుట, దానిని కుదించుట, కుదించిన చోట మరల చేర్చుట - ఇట్లు జరిగినది ఆ భాష పెంపకము. సంకేతములన్నియు పొట్టివగుటకు ఇదియొక కారణము.

బీసీపీఎల్‌లో ఒక గడియందు విలువను నిలుపుటకు := అను గుర్తు వాడుదురు; రెండు విలువలు సమానములా యని పరీక్షించుటకు = గుర్తు. ప్రోగ్రాములలో పరీక్షకంటె నిలుపుటయే ఎక్కువసార్లు వచ్చును గనుక బి భాషలో పొట్టిగుర్తు దానికి దక్కినది; పరీక్షకు == అని రెండు గీతలు వచ్చినవి. ఫలితము నేటి విద్యార్థులందరికిని తెలిసినదే. క సున్న యగునా యని అడుగబోయి ఒక్క గీత మరచి వ్రాసినచో, ప్రశ్న ఆజ్ఞగా మారి, క యందు సున్న కూర్చుండును. కంపైలరు అది తప్పనదు, ఏలయన వ్యాకరణము ప్రకారము అది తప్పు కాదు.

++ అను గుర్తు కూడ థాంప్సన్ కల్పనయే. క++ అనగా క యొక్క ప్రస్తుతపు విలువను తీసికొని దానికి ఒకటి కలుపుట. ++క అనగా ముందు ఒకటి కలిపి పిదప విలువను తీసికొనుట. పీడీపీ-11 అను తరువాతి యంత్రములో ఇట్టి పనిని ఒక్క దెబ్బతో చేయు ఏర్పాటు ఉన్నందున దానికొరకే ఈ గుర్తును కల్పించిరని అధ్యాపకులు పలువురు నేటికిని చెప్పుచుందురు. అది పొరపాటు. బి భాష పుట్టునాటికి పీడీపీ-11 లేనేలేదు. రిచీ తన భాషాచరిత్రలో ఈ అపోహను ప్రత్యేకించి ఖండించెను. పీడీపీ-7లో తమంతట తాము పెరుగు గడులు కొన్ని యుండెడివి, వానిని చూచి థాంప్సన్‌కు ఈ ఊహ తట్టియుండవచ్చునని మాత్రము ఆయన అనుకొనెను.

1970లో బెల్ వారికి పీడీపీ-11 వచ్చినది. దాని మెమరీ 24 కిలోబైట్లు. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు. చిన్నదైనను ఈ యంత్రములో ఒక విశేషము కలదు: పాతయంత్రము మెమరీని పెద్దపెద్ద పదములుగా చూడగా, ఇది ఒక్కొక్క అక్షరము పట్టు బైట్లుగా చూచును. బి భాషలో అన్నియు ఒకే జాతి గడులు. అంకె, అక్షరము, చిరునామా అను భేదము లేదు. క్రొత్త యంత్రమునకు ఆ భాష సరిపడదని రిచీ గ్రహించి, 1971లో దానికి జాతిభేదములు చేర్చుటకు మొదలిడెను. 1972లో ఆ భాష దాదాపు పూర్తి రూపు దాల్చినది. దానికి సి యని పేరు.

ఆ సంవత్సరమున రిచీ చేసిన పనులలో ఒకదానిని కొంత నిదానించి చెప్పవలెను, ఏలయన సి భాషలోని చిక్కుప్రశ్నలలో సగము అందులోనుండి పుట్టినవే. మెమరీలో ప్రక్కప్రక్కనే పేర్చిన గదుల వరుసను అర్రే అందురు. బి భాషలో అర్రేను ప్రకటించినచో, గదుల వరుసతోపాటు మొదటి గది చిరునామాను భద్రపరచు మరియొక గడి కూడ ఏర్పడెడిది. వీథి మొదట పలక పాతినట్లన్నమాట. రిచీ వేర్వేరు జాతుల విలువలను ఒకే కట్టగా కట్టు స్ట్రక్చర్లను భాషలో చేర్పదలచెను. ఆయన ముందున్న ఉదాహరణము యూనిక్స్ డైరెక్టరీలోని పద్దు: ఫైలు సంఖ్యకు 2 బైట్లు, పేరునకు 14 బైట్లు, వెరసి 16. డిస్కుపై ఆ పద్దు ఎట్లున్నదో మెమరీలోను అట్లే యుండవలెను. పేరు 14 అక్షరముల అర్రే కదా. దాని పలకను ఎచ్చట పాతవలెను? పాతినచో 16 బైట్ల లెక్క చెడును. డిస్కుపై పలక లేదు గనుక, పద్దును చదివిన ప్రతిసారియు దానినెవరు నిలబెట్టుదురు?

రిచీ పలకను తీసివేసెను. అర్రే పేరును ఒక వాక్యములో ఉచ్చరించినంతనే కంపైలరు తానే మొదటి గది చిరునామాను కల్పించుకొనవలెనని నియమము పెట్టెను. వ్రాసియున్న పాత ప్రోగ్రాములు ఏమాత్రము చెడలేదు. క్రొత్త కట్టలు ఇమిడినవి. నాకు తెలిసినంతలో ఇది భాషానిర్మాణమున ఒక చిన్నయన్న సూత్రమువంటిది. ఒక్క మాటతో నూరు ప్రయోగములు సాధించినది.

అయితే సూత్రము చిన్నదైనచో దాని వెంట వచ్చు వింతలును ఉండును. గ యను అర్రేలో గ[3] అనగా, గ చిరునామాకు 3 కలిపి ఆ గదిని తెరువుమని మాత్రమే అర్థము. కూడికలో ముందువెనుకలు లేవు; గ + 3 అన్నను 3 + గ అన్నను ఒకటే. కావున 3[గ] అని వ్రాసినను చెల్లును! చిక్కుప్రశ్నల పుస్తకములలో దీనిని మించిన గారడి లేదు. విద్యార్థులు దీనిని చూచి నవ్వుదురు, కంఠస్థము చేయుదురు. ఆ పదునారు బైట్ల పద్దు కథ వారికెవరును చెప్పరు. మరియొకటి: నూరు గదుల అర్రేను ఒక ఫంక్షనునకు అందించి, లోపల దాని పరిమాణమెంత యని అడిగినచో నేటి యంత్రములపై 8 అని సమాధానము వచ్చును. అందినది వరుస కాదు, మొదటి గది చిరునామా మాత్రమే. ఆ చిరునామా పరిమాణము 8 బైట్లు.

చిరునామా తెలియును గాని వరుస పొడవు తెలియదు. ఈ లోపము నవ్వులాట కాదు. గెట్స్ అని సి భాషలో ఒక ఫంక్షను ఉండెడిది. అది టైపు చేసిన పంక్తిని చదివి అర్రేలో పోయును. అర్రే నిండినదో లేదో దానికి పట్టదు. పొంగి ప్రక్కగదులలోనికి పోయినను పోయుచునే యుండును. 1988 నవంబరు 2వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి యొకడు ఇట్టి లోపముల ఆధారముగా ఇంటర్నెట్టుపై విడిచిన ప్రోగ్రాము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. ఫింగర్ అను సేవలో గెట్స్ వాడియుండుట అందొక ద్వారము. ఆ విద్యార్థి తండ్రి బెల్ ప్రయోగశాలలో రిచీతో కలిసి పనిచేసినవాడగుట యాదృచ్ఛికము.

ఇక రిచీ స్వయముగా పశ్చాత్తాపపడిన విషయము. బి భాషలోను, తొలినాటి సి భాషలోను & అను గుర్తు ఒక్కటే రెండు పనులు చేసెడిది. అంకెల బిట్లను జతపరచుట ఒకటి. ఇదియు నిజమే, అదియు నిజమే యని రెండు పరీక్షలను జతపరచుట రెండవది. మన శ్లేషకావ్యములలో పదమునకువలె, సందర్భమును బట్టి అర్థము. పరీక్షలను జతపరచుటకు వీలుగా దానికి == కంటె తక్కువ ప్రాధాన్యము ఇచ్చిరి, అనగా ముందు సమానతాపరీక్షలు జరిగి పిదప జత. తరువాత ఆలన్ స్నైడర్ సూచనపై పరీక్షలకు && అను వేరు గుర్తు ఏర్పడినది. అప్పుడు & గుర్తును పైకి ఎత్తవలసినది. ఎత్తలేదు.

దాని ఫలమును చూడుడు. ఒక సంఖ్య సరిసంఖ్యయా యని తెలియుటకు దాని చివరి బిట్టును చూచిన చాలును; క & 1 సున్న యైనచో సరిసంఖ్య. దీనిని క & 1 == 0 అని వ్రాసినచో ముందు 1 == 0 అను పరీక్ష జరుగును. అది అబద్ధము గనుక సున్న. క & 0 ఎల్లప్పుడును సున్నయే. కావున 4 ఇచ్చినను 8 ఇచ్చినను సరిసంఖ్య కాదనియే తీర్పు. ఇందు మెలిక యేమియు లేదు. రెండు బ్రాకెట్లు వేసినచో సరిపోవును. వేయవలెనని తెలియనివాడు ఒక రాత్రియంతయు మేలుకొనును.

ఎందులకు ఎత్తలేదో రిచీ 1982లో దాపరికము లేకుండ వ్రాసెను. అప్పటికి ఆ భాషలో వ్రాసిన ప్రోగ్రాములు కొన్ని వందల కిలోబైట్లు, యూనిక్స్ నడచు చోట్లు బహుశః మూడు. వానిని చెడగొట్టుట ఎందులకని వెనుదీసితిమనియు, మార్చియుండిన మేలగుననియు ఆయన చెప్పుకొనెను. మూడు చోట్ల పనిచేయువారికి కష్టము కలుగునని మానిన మార్పు, వెనుకవచ్చిన సి ప్లస్ ప్లస్, జావా, జావాస్క్రిప్టు భాషలకు కూడ వారసత్వముగా సంక్రమించి నేడు కోట్లకొలది మంది నెత్తిన కూర్చున్నది. మూడు చోట్లున్నప్పుడే దిద్దుకొనవలెనని ఇతరులకు చెప్పుట సులభము. ఆ మూడు చోట్లలోని మనుష్యులు మన ప్రక్కబల్లవారైనప్పుడు తెలియును.

దిద్దిన తప్పులును లేకపోలేదు. తొలుత, ఉన్న విలువకు మరికొంత కలుపుటకు =+ అనియు, తీసివేయుటకు =- అనియు వ్రాసెడివారు. క=-10 అన్నచో క యందు ఋణ పదిని నిలుపుటయా, క నుండి పది తీసివేయుటయా? 1976లో గుర్తులను త్రిప్పి += అనియు -= అనియు చేయగా సంశయము తీరినది. మన భాషలో మావిడాకులు అన్నచో మావిడి ఆకులో, మా విడాకులో వినువాడు తేల్చుకొనవలెను. కంపైలరునకు ఆ వివేకము లేదు. అది ఎడమనుండి ఎంత పొడవు గుర్తు దొరికిన అంతయు మ్రింగును. కనుకనే క+++గ అన్నది క++ తరువాత +గ యగును. క/*ప అని భాగహారము వ్రాయబోయినచో /* అను భాగము వ్యాఖ్యానమునకు నాంది యని తలచి మిగిలినదంతయు వ్యాఖ్యగా త్రోసివేయును. అనేకుల తల తిరిగించు నక్షత్రపు గుర్తును పదమునకు ముందు గాక వెనుక వ్రాయు పద్ధతి యుండిన ప్రకటనలలోని బ్రాకెట్ల బెడద తగ్గియుండెడిదని, కాన్పూరు ఐఐటీలో చదివి బెల్ ప్రయోగశాల చేరిన రవి సేఠీ 1981లో చూపెను. రిచీ దానిని అంగీకరించెను. అప్పటికి కాలము మించినది.

1973 వేసవిలో యూనిక్స్ మూలమంతయు సి భాషలో తిరిగి వ్రాయబడినది. అంతకు ముందటి సంవత్సరము థాంప్సన్ ప్రయత్నించి, స్ట్రక్చర్లు లేనందున విరమించియుండెను. అంతవరకు ఆపరేటింగ్ సిస్టములను యంత్రపు సొంత సంకేతములలో వ్రాయుట వాడుక. యంత్రము మారినచో వ్రాసినదంతయు వ్యర్థము. ఇప్పుడు కంపైలరు ఉన్నచోటికెల్ల యూనిక్స్ పోగలదు. పోయినది కూడ.

ఆ యూనిక్స్ ఆరవ కూర్పులో ఒక వ్యాఖ్య జగత్ప్రసిద్ధము. ఒక పనినుండి మరియొక పనికి యంత్రమును మార్చు కొన్ని పంక్తులచెంత, ఇది పాఠకునకు అర్థము కావలెనని తాము ఆశించుట లేదను భావముతో ఒక చిన్న వాక్యము వ్రాసియుండెను. చదివినవారు దానిని గర్వోక్తిగా తలచిరి. ఇది పరీక్షలో అడుగరులే యని ఉపాధ్యాయుడు విద్యార్థికి ఊరట చెప్పునట్టి ధోరణిలో వ్రాసితిమని రిచీ తరువాత వివరించెను. అంతటితో ఊరకుండలేదు, అసలు చిక్కేమనగా ఆనాడు తమకును అది సరిగా అర్థము కాలేదనియు, వేరు యంత్రమునకు మార్చునపుడు ఆ పంక్తులు పనికిరాక దానిని తీసివేయవలసి వచ్చినదనియు ఒప్పుకొనెను. ప్రశ్నపత్రములు కూర్చు మనబోటివారు ఇట్టి ఒప్పుకోలు ఏనాడైన చేసితిమా యని నేను చాలసేపు ఆలోచించితిని.

1978లో బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి రిచీ సి భాషపై ప్రసిద్ధగ్రంథమును ప్రకటించెను. బోధనాభాగము చాలవరకు కెర్నిగన్‌ది. వెనుకనున్న వ్యాకరణభాగము రిచీది. క్లుప్తతలో అది మన బాలవ్యాకరణమును తలపించును. వాక్యములోని భాగములను ఏ వరుసలో గణింపవలెనో అందు ఆయన చాలచోట్ల నిర్ణయింపక విడిచెను. యంత్రములు వేర్వేరు, ఏ వరుస చౌకయో ఆ వరుసను కంపైలరు ఎన్నుకొనవచ్చునని తాత్పర్యము. మన వ్యాకరణములలో బహుళము అను మాటకు ఒకచోట కార్యము జరుగును, ఒకచోట జరుగదు, ఒకచోట వికల్పము, ఒకచోట మరియొకటి యని అర్థము చెప్పుదురు. ఇదియును అటువంటిదే.

1983లో ఏర్పడిన ప్రమాణసంఘము 1989లో సి భాషకు ప్రమాణమును స్థిరపరచినది. రిచీ సాధారణముగా ఆ సంఘపు పనిలో జోక్యము చేసికొనలేదు. ఒక్క పర్యాయము మాత్రము, 1988లో, వారు నోయేలియాస్ అను క్రొత్తపదమును చేర్చబోగా కటువుగా ఖండించుచు లేఖ వ్రాసెను. ఆ పదము తొలగింపబడినది. ఆ ప్రమాణములోనే మా విద్యార్థి ప్రశ్నకు తీర్పు కలదు. గణనలో ఇంతవరకు జరిగినదంతయు ముగియవలసిన విరామస్థానములను అది నిర్దేశించి, రెండు విరామముల నడుమ ఒకే గడిని ఒకటికంటె ఎక్కువసార్లు మార్చినచో ఫలితమునకు నిర్వచనము లేదన్నది. క++ ఒకటి, ++క ఒకటి, బయటి = గుర్తు ఒకటి; మూడుసార్లు మార్పు, నడుమ విరామము లేదు. 11 రావచ్చును, 12 రావచ్చును, 13 రావచ్చును. ఏదియు రాకపోయినను కంపైలరును తప్పుపట్టరాదు. ఇది బహుళము కూడ కాదు. వ్యాకరణము బయటి ప్రయోగము. అపశబ్దమునకు అర్థము చెప్పుమని అడుగుట పరీక్ష యెట్లగును? 3[గ] ను గూర్చి అడుగవచ్చును, & ను గూర్చి అడుగవచ్చును. వాని వెనుక భాష కలదు, చరిత్ర కలదు. దీని వెనుక ఒకానొక పాత కంపైలరు అలవాటు తప్ప ఏమియు లేదు.

వినోదమునకై చేయు గారడిపై నాకు కోపము లేదు. 1984 నుండి సి భాషలో ఎవరికిని అర్థము కాని ప్రోగ్రాములు వ్రాయుటకు ఒక పోటీ యున్నది. ఆ మొదటి సంవత్సరపు విజేతలు ప్రోగ్రామునకు బదులు వట్టి అంకెల అర్రేను వ్రాసి, అదియే యంత్రముపై నడచునట్లు చేసిరి. మన బంధకవిత్వమువలె అది చూచి ఆనందింపదగినది.

తండ్రి విద్యతో ముడి పడునని చెప్పితిని. స్విచ్ అని సి భాషలో ఒక కట్టడము కలదు; విలువను బట్టి అనేక మార్గములలో ఒకదానిని తెరచును. ఒక మార్గము ముగియగానే బ్రేక్ అని వ్రాయనిచో నడక ఆగక ప్రక్కమార్గములోనికి జారిపోవును. బ్రేక్ వ్రాసినచో స్విచ్ అంతటినుండి బయటపడును. లోపలనున్న ఇఫ్ నుండి మాత్రము బయటపడవలెనన్నచో కుదరదు. 1990 జనవరి 15వ తేదీన బెల్ ప్రయోగశాలకు మాతృసంస్థయైన ఏటీ అండ్ టీ దూరభాషా వ్యవస్థ సుమారు 9 గంటలు కుప్పకూలినది. 114 స్విచ్చింగు కేంద్రములలో ఒకటి తప్పి తేరుకొనగా, దాని సందేశమునకు ప్రక్కవి తప్పినవి, వానికి మరల ఇతరములు. వెదకగా, సి ప్రోగ్రాములో తగనిచోట పడిన ఒక్క బ్రేక్ దానికి మూలమని తేలినది. తండ్రి గ్రంథము వ్రాసినది ఆ సంస్థ స్విచ్చులను గూర్చియే. అవి తప్పినది కుమారుని భాషలో.

గౌరవములు ఆయనకు కొరత కాలేదు. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారము. 1999లో అధ్యక్షుడు క్లింటన్ చేతులమీదుగా జాతీయ సాంకేతిక పతకము. 2011లో జపాన్ బహుమతి. ఆయన వివాహమాడలేదు. మితభాషి, తన భాషను గూర్చి ఇతరులు పొగడినదానికంటె తాను చూపిన లోపములే ఎక్కువ. 1993లో భాషల చరిత్రపై జరిగిన సభకు వ్రాసిన వ్యాసములో ఆ లోపములన్నిటిని ఆయనయే వరుసగా చెప్పెను. నేను పైన వ్రాసినదానిలో చాలభాగమునకు మూలము అదియే. 2007లో ఉద్యోగవిరమణ చేసెను.

2009లో థాంప్సన్ మరి ఇరువురితో కలిసి గో యను క్రొత్త భాషను ప్రకటించెను. అందు & గుర్తు == కంటె పైన నున్నది. స్విచ్ మార్గములు జారిపోవు. ++ వాక్యముగా నిలుచునే గాని మరియొక వాక్యములో దూరదు గనుక, మా విద్యార్థి ప్రశ్నను ఆ భాషలో వ్రాయుటకే వీలులేదు. ముప్పదియేడేండ్ల తరువాత మిత్రుడు చేసిన ఈ సవరణలను రిచీ చూచియే పోయెను.

2011 అక్టోబరు 12వ తేదీన న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో, ఒంటరిగా నివసించుచున్న ఇంటిలో ఆయన మరణించియుండుట కనుగొనిరి. వారము ముందు స్టీవ్ జాబ్స్ మరణింపగా లోకమంతయు ఆ వార్తలలో మునిగియుండెను. రిచీ మరణము అనేక పత్రికలలో కొన్ని పంక్తులకు మించలేదు. పుష్కరము దాటినది. ఆ సంవత్సరాంతమున వెలువడిన క్రొత్త ప్రమాణము గెట్స్ ఫంక్షనును భాషనుండి తొలగించినది. & గుర్తు మాత్రము ఉన్నచోటనే యున్నది.

1968లో సమర్పింపని ఆ సిద్ధాంతగ్రంథపు ప్రతి కుటుంబసభ్యుల యొద్దనుండి బయటపడి, 2020లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ల చరిత్ర ప్రదర్శనశాల ద్వారా లోకమునకు తెలిసినది. ఇప్పుడు ఎవరైనను దానిని చదువవచ్చును.